ఫిబ్రవరిలో మైనస్ 2 పాముకాట్లు!

ప్రశ్న: సార్, మాది హాలియా దగ్గర. ఆస్పత్రిలో డేటా ఎంట్రీ చేస్తాను. నాలుగేళ్ల పాముకాటు కేసులు వారాలవారీగా స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి ఫోర్‌కాస్ట్ నొక్కితే ఫిబ్రవరికి మైనస్ 2 చూపిస్తోంది. ఫైల్ అప్‌లోడ్ చేస్తాను, మంచి ఫ్రీ ఏఐ సైట్ ఏదైనా చెప్పండి.

జవాబు: ముందు ఆ అప్‌లోడ్ ఆపండి. పేర్ల కాలమ్ హైడ్ చేశాం కదా అని నాకే ఫైళ్లు పంపేవాళ్లు చాలామంది. హైడ్ చేసింది ఎక్కడికీ పోదు, అన్‌హైడ్ నొక్కితే బయటికొస్తుంది. పక్క షీట్‌లో ఫోన్ నంబర్లు సరేసరి. పోనీ పేర్లు తీసేశారు. ఊరి పేరుంది, వారం ఉంది, ఎదురుగా 1 అని ఉంది. చిన్న ఊళ్లో ఆ వారం పాము ఎవరిని కరిచిందో తెలియనిదెవరికి? ఇదే అలవాటుతో రేపు టీబీ, హెచ్ఐవీ లెక్కలు పెడితే? అన్ని ఊళ్లవీ మండలానికి కలిపేసి, వారం, సంఖ్య మాత్రమే కొత్త ఫైల్‌లో పెట్టుకోండి.

ఇక మైనస్ సంగతి. ఆ బటన్ వానాకాలానికి ఇంత కలుపుతుంది, చలికాలానికి ఇంత తీసేస్తుంది. ఒకటీ అరా కేసులుండే నెలలో తీసేస్తే సున్నా దాటి పోక ఏమవుతుంది? పైగా ఖాళీ గడులను పక్క వారాలు చూసి తనే నింపేస్తుంది, మాటవరసకైనా అడగదు. ఎవరు చేశారో గానీ ఈ ఒక్క నొక్కు ఫోర్‌కాస్ట్‌లంటే నాకు ఒళ్లు మంట. మీరూ తక్కువేం కాదు: కేసు రాని వారానికి 0 వేయాలి, లెక్క రాయని వారాన్నే ఖాళీగా వదలాలి.

'ఆర్' అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ ఉచితం, మీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది, ఫైల్ గడప దాటదు. లాగ్ లింక్‌తో (అంచనా లాగరిథమ్‌లో లెక్కకడుతుంది) నెగటివ్ బైనామియల్ మోడల్ వేయండి, కేసుల్లాంటి సంఖ్యలకు సరిపోయే పద్ధతి అది. అందులో సీజన్ గుణకారంగా పనిచేస్తుంది కాబట్టి అంచనా మైనస్‌లోకి పోదు. పాయిసన్ అనే ఇంకో మోడల్‌తో సరిపెట్టకండి. సగటు ఎంతో వేరియన్స్ (సంఖ్యల హెచ్చుతగ్గుల కొలత) కూడా అంతే అనుకుంటుంది అది. సాగర్ ఎడమ కాల్వ కింద నాట్లు పడే వారాల్లో కేసులు అలా లెక్కగా రావు, ఒక్కసారే మీదపడతాయి. సీజన్‌కు రెండు జతల సైన్, కొసైన్ (అలల్లా పెరిగి తగ్గే లెక్కలు) చాలు, పీరియడ్ 52.18 వారాలు, అంటే ఒక ఏడాది. కిందటి వారం ప్రభావం కూడా చేర్చాలంటే ఆర్‌లోనే టీఎస్‌కౌంట్ ప్యాకేజీ ఉంది.

పాము విషానికి విరుగుడు మందు ఇండెంట్ (ఎంత కావాలో పంపే కోరిక) మాత్రం సగటు చూసి పెట్టకండి, రాబోయే కేసుల 95 శాతం అంచనా పరిధిలో పై హద్దు చూడండి. విషమెక్కిన ఒక్కో కేసుకు మొదటి మోతాదే 8 నుంచి 10 వయల్స్ (మందు సీసాలు).