1660ల నాటి ఇంగ్లండ్ పల్లెటూరి మనిషిని చర్చి రిజిస్టర్లో వెతకడం ఎలా?

ముందు జనన ధ్రువపత్రం సంగతి మర్చిపోండి. అక్కడ సర్కారు రిజిస్ట్రేషన్ మొదలైందే 1837 జులైలో. అంతకు ముందు మనిషికి ఆధారం ఆ ఊరి ప్యారిష్ రిజిస్టరే, అంటే ఊరి చర్చి పుస్తకమే. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు ప్రతి చర్చీ రాసి ఉంచాలని 1538లో రాజు ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఉత్తర్వు వేశాడు. సాధారణంగా అందులో దొరికేది బాప్తిస్మం తేదీ, పుట్టినరోజు కాదు. పూడ్చిన రోజు, పోయిన రోజు కాదు.

చాలామంది బోల్తా పడేది ఏడాది దగ్గర. 1752కు ముందు అక్కడ కొత్త ఏడు మార్చి 25న మొదలయ్యేది. డెర్బీషైర్‌లోని ఈమ్ అనే ఊరే చూడండి. లండన్ నుంచి వచ్చిన బట్టల మూటతో ప్లేగు దిగిందంటారు. జార్జ్ వికార్స్ అనే దర్జీని 1665 సెప్టెంబరు 7న పూడ్చారు. తర్వాతి ఫిబ్రవరిలో పోయినవాళ్లకు కూడా పాత లెక్కలో 1665 నే పడుతుంది. ఆ సంగతి తెలియకపోతే, వాళ్లు దర్జీ కంటే ముందే పోయారనుకుంటాం. అందుకే జనవరి 1 నుంచి మార్చి 24 దాకా ఉన్న తేదీలకు 1665/66 అని రెండేళ్లూ వేసుకోండి.

సమాధిరాయి లేదని మనిషే లేడనుకోవద్దు. ప్లేగు బయటి ఊళ్లకు పాకకుండా 1666 జూన్‌లో ఈమ్ రెక్టర్ (చర్చి పాదిరి) విలియం మాంపెసన్, ఆయనకు ముందు అక్కడ పనిచేసిన థామస్ స్టాన్లీ కలిసి ఊరివాళ్లను ఒప్పించారు. ఎవరూ పొలిమేర దాటకూడదు. చర్చి మూసేసి ప్రార్థనలు ఆరుబయట కక్లెట్ డెల్ఫ్ అనే చిన్న లోయలో జరిపారు. ఎవరింటి శవాన్ని వాళ్లే పెరట్లోనో చేలోనో పూడ్చుకోవాలి. ఎలిజబెత్ హాన్‌కాక్ ఆగస్టులో ఎనిమిది రోజుల్లో భర్తనూ ఆరుగురు బిడ్డల్నీ తన చేతులతోనే పూడ్చింది. ఆ సమాధులు చర్చి ఆవరణలో లేవు, ఊరి బయట చేలో ఉన్నాయి. ఇంతటి త్యాగం చేసిన మనుషుల పేర్లను ఇంటర్నెట్ వంశవృక్షాల్లో ఒకరిది చూసి ఒకరు తప్పుల తడకగా ఎక్కించేస్తుంటే కడుపు మండుతుంది.

రిజిస్టర్లోని పేర్లను టైపు చేసిన ఇండెక్స్‌ను దారి చూపడానికే వాడండి. పేరు దొరికాక ఆ పేజీ ఫొటో తెరిచి చదవాల్సిందే. ఒకే ఇంటిపేరును మూడు నాలుగు రకాలుగా రాసేవారు కాబట్టి మొదటి రెండక్షరాలతో వెతకండి. పేజీ చిరిగిపోయినా, పురుగు తిన్నా బిషప్ ప్రతులు అడగండి. 1598 నుంచి ప్రతి చర్చీ ఏటా ఒక నకలు బిషప్‌కు పంపాల్సి ఉండేది. 1642లో మొదలైన అంతర్యుద్ధం నుంచి 1660 దాకా అవి కూడా చాలా ఊళ్లకు దొరకవు. అప్పుడు ఆ జిల్లా రికార్డ్ ఆఫీసులో వీలునామాలు, పన్ను జాబితాలు తిరగేయండి.