‘రోజ్ బౌల్’ మ్యాచ్‌కు ఆ పేరెలా వచ్చింది?

ఇది సాకర్ కాదు, కోలబంతితో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. కాలిఫోర్నియాలోని పాసడీనాలో కొత్త సంవత్సరం నాడు పూలబండ్ల ఊరేగింపు 1890 నుంచే ఉంది. దాని ఖర్చులకు పనికొస్తుందని 1902లో ఒక కాలేజీ మ్యాచ్ పెట్టారు. మిషిగన్ 49-0తో దంచేస్తుంటే, ఇంకా 8 నిమిషాలుండగానే స్టాన్‌ఫర్డ్ వాళ్లు మావల్ల కాదని చేతులెత్తేశారు. ఇంత ఏకపక్షమైతే చూసేవాళ్లకు మజా ఏముంటుంది! నిర్వాహకులు ఫుట్‌బాల్ మానేసి కొన్నేళ్లు రథాల పందేలు కూడా పెట్టారు. 1916లో గానీ ఆట తిరిగి రాలేదు.

పేరు మాత్రం 1922లో కట్టిన స్టేడియానిది. యేల్ యూనివర్సిటీ స్టేడియమైన యేల్ బౌల్‌ను చూసి ‘బౌల్’ (గిన్నె) అన్నారు గానీ, మొదట్లో అది గుర్రపునాడా ఆకారంలో ఉండేది. గిన్నె పూర్తయింది 1928లో. పెర్ల్ హార్బర్‌పై జపాన్ దాడి తర్వాత, పశ్చిమ తీరంలోని కాలిఫోర్నియాపైనా దాడి జరగొచ్చన్న భయంతో 1942 మ్యాచ్‌ను నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో ఆడించారు.