పేరు దాచేస్తే వైఫై భద్రమేనా?

ప్రశ్న: యాక్సెస్ పాయింట్‌లో (వైఫై ఇచ్చే పెట్టెలో) నెట్‌వర్క్ పేరు దాచేశాను, మ్యాక్ ఫిల్టర్ (ప్రతి పరికరానికీ ఉండే మ్యాక్ అడ్రస్ అనే గుర్తింపు సంఖ్య చూసి, నేను ఒప్పుకున్నవాటినే రానిచ్చేది) పెట్టాను. వచ్చినవాళ్లకల్లా చెప్పలేక చస్తున్నా, ఇక పాస్‌వర్డ్ తీసేయొచ్చా?

జవాబు: వద్దండీ బాబూ! పేరు దాచడం, ఫిల్టర్ పెట్టడం పాస్‌వర్డ్‌కి బదులు కావు. మ్యాక్ అడ్రస్ గాల్లో అందరికీ కనపడేలానే వెళ్తుంది, దాన్ని పట్టుకుని కాపీ కొట్టడం పెద్ద పనేం కాదు, పైగా ఈమధ్య ఫోన్లు నెట్‌వర్క్‌కో మ్యాక్ చూపిస్తాయి కాబట్టి ఒక్కోసారి మీ ఫోన్నే మీ ఫిల్టర్ బయట నిలబెడుతుంది. వైఫై సెక్యూరిటీ రకంగా డబ్ల్యూపీఏ3 పెట్టండి, పాత పరికరాలుంటే దాని ముందు తరం డబ్ల్యూపీఏ2 ఏఈఎస్. పాస్‌వర్డ్ 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు, 8 దగ్గరే ఆగకండి. డబ్ల్యూపీఎస్ పిన్ (పాస్‌వర్డ్ బదులు అంకెలు కొట్టి కనెక్ట్ అయ్యే పద్ధతి) మాత్రం తక్షణం ఆపేయాలి: 8 అంకెలున్నా రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె లెక్కకట్టి వచ్చేదే, కాబట్టి మహా అయితే 11,000 ప్రయత్నాలు చాలు. వచ్చినవాళ్లకి గెస్ట్ నెట్‌వర్క్ (అతిథుల కోసం విడిగా పెట్టే వైఫై) ఇచ్చేయండి. అన్నట్టు, సెట్టింగ్స్‌లోకి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చారా?