ఆ వాగ్దానం నాకు చెందదా?

ప్రశ్న: అయ్యగారికి వందనములు. నేను కంఠస్థం చేసిన మొదటి వచనాల్లో, దేవుని ఉద్దేశములు మనకు హానికరమైనవి కావు, సమాధానకరమైనవే అని చెప్పే యిర్మీయా 29:11 ఒకటి. ఉద్యోగం పోయిన తరువాత ఆ వాగ్దానాన్నే ఎత్తిపట్టి ప్రార్థిస్తూ వచ్చాను. నెలలు గడిచినా పరిస్థితి మారలేదు. ఈ మధ్య ఒక సహోదరుడు, ‘ఆ మాట బబులోను చెరలో ఉన్న యూదులతో చెప్పినది, సందర్భం చూడకుండా దానిని మీ సొంతం చేసుకోకూడదు’ అన్నారు. అప్పటినుండి ఆ వచనం చదవడానికే మనసు రావడం లేదు. అది నిజంగా నాది కాదా?

జవాబు: ఆ సహోదరుడు చెప్పిన చరిత్ర సరైనదే. అయితే ఆయన ఆగిన చోట మనం ఆగకూడదు. నలిగి ఉన్న విశ్వాసి చేతిలోనుండి వచనాన్ని తీసివేయడానికి మాత్రమే సందర్భాన్ని వాడితే, ఆ సందర్భాన్ని కూడా మనం సగమే చదివినట్టు.

ఆ అధ్యాయంలో ఉన్నది ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో బబులోను రాజైన నెబుకద్నెజరు యూదా రాజైన యెకోన్యాను, రాజమాతను, అధిపతులను, పనివారిని యెరూషలేము నుండి చెరపట్టుకొనిపోయాడు. వారికోసం యిర్మీయా ప్రవక్త ఈ ఉత్తరం రాసి, యెకోన్యా తరువాత యూదాను ఏలిన సిద్కియా రాజు బబులోనుకు పంపుతున్న మనుష్యుల చేతికిచ్చాడు. ఇప్పుడు ఒక అధ్యాయం వెనక్కి వెళ్లి 28వ అధ్యాయం చదవండి. హనన్యా అనే ప్రవక్త మందిరంలో ప్రజలందరి యెదుట నిలిచి, రెండు సంవత్సరాలలోగా చెరపోయినవారందరూ తిరిగి వస్తారని యెహోవా పేరట ప్రకటించి, బబులోనుకు లోబడాలన్నదానికి గుర్తుగా యిర్మీయా మెడమీద పెట్టుకున్న కాడిని తీసి విరిచివేశాడు. బబులోనులో కూడా ఇటువంటి తీపి మాటలు చెప్పే ప్రవక్తలున్నారు. వారి మాట నమ్మవద్దని ఉత్తరంలోనే హెచ్చరిక ఉంది.

ఆ ఉత్తరం ఏమి చెప్పింది? ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుడి, పెండ్లిళ్లు చేసికొనుడి, మీరున్న ఆ పట్టణపు క్షేమం కోసం ప్రార్థన చేయుడి అని చెప్పింది. తరువాత 10వ వచనంలో డెబ్బది సంవత్సరాల మాట వస్తుంది. నలభై ఏళ్ల వయసులో చెరపోయిన మనిషి ఆ మాట విన్న క్షణంలో, తాను మళ్లీ యెరూషలేమును చూడబోనని గ్రహించి ఉంటాడు. అతని చెవిన ఆ వెంటనే పడిన మాటే మీరు కంఠస్థం చేసిన వచనం: తాను ఉద్దేశించినవి ‘సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు’ అని యెహోవా సెలవిచ్చాడు.

కాబట్టి 10వ వచనాన్ని తీసివేసి 11వ వచనాన్ని ఒంటరిగా పట్టుకుంటే, మాట యిర్మీయాదే అయినా అందులో హనన్యా స్వరం వినబడుతుంది. అంతా త్వరలోనే చక్కబడుతుందన్న భరోసాగా అది మారిపోతుంది. మిమ్మల్ని నిరాశపరచినది దేవుని వాగ్దానం కాదని, దానికి మన బోధల్లో చేరిపోయిన గడువు అని నేను నమ్ముతున్నాను. ఇందులో మీ తప్పు ఎంచడానికి ఏమీ లేదు. బోధించేవారు ఆ వచనాన్ని పైనా కిందా తుంచి ఇచ్చినప్పుడు, వినేవారు అలాగే అందుకుంటారు.

ఇక అది మీదేనా అన్న ప్రశ్న. డెబ్బది సంవత్సరాలు, బబులోను, తిరిగి దేశానికి రావడం అన్నవి ఆ తరానికి చెప్పినవి. అయితే ఆ మాట చెప్పిన దేవుడు మారలేదు; దేవుని వాగ్దానాలన్నీ క్రీస్తునందు ‘అవును’ అన్నట్టుగానే ఉన్నాయని 2 కొరింథీయులకు 1:20 చెబుతుంది. అందుచేత క్రీస్తునందున్న మీరు ఆ వచనాన్ని చదువుకొని ధైర్యం తెచ్చుకోవచ్చు. ఏ తేదీకి ఏ ఉద్యోగం వస్తుందన్న హామీ మాత్రం అందులో లేదు. తరువాతి రెండు వచనాలు చదివితే ఆ వాగ్దానం ఎటు నడుస్తున్నదో కనిపిస్తుంది: పూర్ణమనస్సుతో వెదకేవారు దేవుణ్ణే కనుగొంటారు. దానియేలు 9వ అధ్యాయంలో, చెరలోనే ముసలివాడైన దానియేలు యిర్మీయా చెప్పిన డెబ్బది సంవత్సరాల సంగతి గ్రంథాలలో గ్రహించి, వెంటనే ఉపవాసముండి తన ప్రజల పాపాలను ఒప్పుకుంటూ ప్రార్థించాడు.

ఉద్యోగం కోసం ప్రార్థించడం మానవద్దు. దానితోపాటు 5 నుండి 7 వరకు ఉన్న వచనాలను కూడా మీ ప్రార్థనలో చేర్చుకోండి. ఈ ఎదురుచూపులోనే కుటుంబాన్ని చూసుకోవడం, చేతికందిన పనిని మనసుపెట్టి చేయడం, చుట్టూ ఉన్నవారి మేలు కోరడం దేవుడు ఆ ఉత్తరంలో అడిగిన విధేయతే.

ప్రశ్న: నాకు రోజూ దొరికేది కొద్ది సమయమే. అందుకని ఒక్కొక్క వచనం తీసుకొని ధ్యానిస్తాను. సందర్భం తెలియాలంటే హెబ్రీ, గ్రీకు భాషలు, పెద్ద వ్యాఖ్యాన గ్రంథాలు తప్పనిసరా?

జవాబు: తప్పనిసరి కాదు. చాలా సందర్భాల్లో మీకు కావలసినది అదే పుటలో, రెండు మూడు వచనాల పైన ఉంటుంది. కొత్త నిబంధనలో మనం వాడే వచన సంఖ్యలు అపొస్తలులు వేసినవి కావు. అవి రొబేర్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు 1551లో ప్రచురించిన గ్రీకు ప్రతితో వచ్చాయి. చోటు వెదుక్కోవడానికి అవి ఎంతో ఉపకరిస్తాయి, కానీ సంఖ్య దగ్గర ఆలోచన ముగియదు.

‘నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను’ అన్న ఫిలిప్పీయులకు 4:13ను చూడండి. పరీక్షకో పోటీకో వెళ్లేముందు గెలుపు కోసం దీనిని తలచుకునేవారు చాలామంది. దీనికి పైన ఉన్న రెండు వచనాల్లో పౌలు చెబుతున్నది ఆకలిలోనూ సమృద్ధిలోనూ తృప్తిగా ఉండడం నేర్చుకున్నానని. ఆ మాట రాసినప్పుడు ఆయన బంధకాలలో ఉన్నాడు. అంటే ఓడిపోయిన రోజున కూడా ఈ వచనం మనతో నిలుస్తుంది. ఇంకొక్క వచనం ముందుకు వెళ్లండి: ‘నా శ్రమలో మీరు పాలుపుచ్చుకొనినది మంచిపని’ అంటూ, ఎపఫ్రొదితు అనే సహోదరుని చేత ఫిలిప్పీ సంఘంవారు పంపిన సహాయాన్ని ఆయన కృతజ్ఞతతో తలచుకున్నాడు. సమస్తమును చేయగలనన్న మనిషి, తోటివారి సహాయం అందుకోవడానికి సిగ్గుపడలేదు. కష్టంలో ఉండి ఎవరికీ చెప్పుకోలేకపోతున్నవారు ఈ 14వ వచనాన్ని దాటిపోకూడదని నా మనవి.

మీ అలవాటును మార్చుకోనక్కరలేదు, కొంచెం సర్దుకుంటే చాలు. ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో ఉన్నవి నాలుగే అధ్యాయాలు, 104 వచనాలు. తీరిక ఉన్న ఒక రోజున దానిని ఒక్క విడతలో చదవండి. మిగిలిన రోజుల్లో అందులోనుండే ఒక్కొక్క వచనం తీసుకోండి. ఎవరు, ఎవరితో, ఏ పరిస్థితిలో మాట్లాడుతున్నారో అప్పటికే మీ మనసులో ఉంటుంది. కీర్తనలైతే చాలావరకు చిన్నవి గనుక పూర్తిగా చదివిన తరువాతే ఒక వచనం దగ్గర నిలవడం మంచిది. సామెతలలో 10వ అధ్యాయం నుండి ఎక్కువగా విడివిడి సూక్తులే కాబట్టి మీ పద్ధతి అక్కడ బాగా సరిపోతుంది. అయినా అక్కడ కూడా పక్క వచనం మీద ఒక చూపు ఉంచండి: మూర్ఖునికి వాని మూఢతచొప్పున ప్రత్యుత్తరమియ్యవద్దని 26:4 చెబితే, ఇమ్మని 26:5 చెబుతుంది, ఏది ఎప్పుడు అన్న వివేచన, రెండింటినీ కలిపి చదివినవారికే అలవడుతుంది.