దుప్పటి కోసం బియ్యం సంచి దింపాలా?

ప్రశ్న: మేము హనుమకొండలో ఉంటాం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ. నిరుడు ఒక పాత ట్రావెలర్ వ్యాను కొని, వెనక సీట్లు తీయించి, రెండు మంచాలు, చిన్న వంటగట్టు పెట్టించుకున్నాం. అందులోనే మేడారం, లక్నవరం వెళ్లి వచ్చాం. చూడటానికి బండి పెద్దదే గానీ, రాత్రి పడుకోవాలంటే సగం సామాను కిందికి దింపాల్సి వస్తున్నది. పైన క్యారియర్ వేయిస్తే సరిపోతుందని మా వారు అంటున్నారు. వేరే మార్గం ఏమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: క్యారియర్ వేయించే ముందు ఖర్చు లేని పని ఒకటి చేయండి. ఈసారి ప్రయాణం నుంచి తిరిగి రాగానే బండిలో ఉన్నదంతా వాకిట్లో పరిచి, దారిలో ఒక్కసారి కూడా చేతికి తీసుకోని వస్తువులను ఒక పక్కకు పెట్టండి. మందులు, జాకీ, టార్చిలైటు వంటివి ఆపదకు ఉండాల్సినవే కాబట్టి వాటిని వదిలేసి, మిగిలిన కుప్పను ఇంట్లోకి చేర్చండి. మా ఇంట్లో మొదటిసారి ఇలా చేసినప్పుడు రెండో పెనం, ఆరు స్టీలు కంచాలు, మడత విప్పని బట్టలతో ఒక సూట్‌కేసు బయటపడ్డాయి.

ఇక అసలు విషయానికి వస్తే, పడుకునే వేళ సామాను దింపాల్సి వస్తున్నదంటే, రాత్రి కావాల్సినవి పగటి వస్తువుల అడుగున ఉన్నాయన్నమాట. ఏ వస్తువును తీయాలన్నా మరొకదాన్ని కదిలించాల్సిన అవసరం రాకూడదు. బండిలో సర్దుడంతా ఈ ఒక్క నియమం మీదనే నిలుస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. మీ మంచాల కింది అరలు పై పలక ఎత్తితే తెరుచుకునేవై ఉంటాయని ఊహిస్తున్నాను. వడ్రంగికి అది సులువైన పనే గానీ, పిల్లలు నిద్రపోయాక అత్తమ్మకు శాలువా కావాలంటే వాళ్లను లేపక తప్పదు. ఆ అరల ముందరి సగాన్ని నడిచే దారి వైపు నుంచి, వెనక సగాన్ని వెనక తలుపు నుంచి తెరుచుకునేలా మార్పించండి. దుప్పట్లు, రాత్రి బట్టలు, మందులు ముందరి సగంలోకి, కుర్చీలు, తాళ్లు, వంటసామాను వెనక సగంలోకి వెళ్తాయి.

సొరుగులు పెట్టించాలన్న ఆలోచన వస్తే మానుకోండి. ఒక్కో సొరుగుకు రెండు పక్కలా చానెళ్లకే అర అంగుళం చొప్పున పోతుంది, పైగా చెక్క బరువు కలుస్తుంది. కూరగాయల మార్కెట్లో వాడే ప్లాస్టిక్ క్రేట్లు ఇంతకంటే ఎంతో నయం. గాలి ఆడుతుంది, కడిగి ఆరబెట్టవచ్చు, బండిలోంచి నేరుగా ఇంట్లోకి మోసుకుపోవచ్చు. అయితే ముందు క్రేట్లు కొని, వాటి కొలతను బట్టి మంచం ఎత్తు పెట్టించాలి. మంచం చేయించాక క్రేట్లు వెతికితే, రెండు వేళ్ల తేడాతో ఏదీ పట్టదు. తలుపులకు అయస్కాంతం పట్టీలు చాలవు, గడియలే ఉండాలి. పస్రా దాటి తాడ్వాయి అడవిలోకి మళ్లిన చోట, అయస్కాంతంతో ఆగి ఉన్న మా అర తలుపు ఒక్క కుదుపుకు తెరుచుకుని, పచ్చడి సీసా మా చిన్నవాడి కాలి పక్కనే పగిలింది. ఆ రోజు నుంచి బండిలోకి గాజు సీసా ఎక్కలేదు.

పరుపుల విషయంలో మన ఊరి వస్తువే అక్కరకొస్తుంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దర్రీలు మన కొత్తవాడ మగ్గాల మీద నేసేవే. సన్నని స్పాంజి మీద దర్రీ పరిస్తే పడకకు సరిపోతుంది, పొద్దున చుట్టి పట్టీ బిగిస్తే మూలన నిలబడుతుంది. దుప్పట్లను పెద్ద దిండు గలీబుల్లో కుక్కి ఉంచితే పగలు వీపుకు ఆనుకునే దిండ్లవుతాయి. పిల్లలకు సూట్‌కేసుల బదులు గుడ్డ సంచులు ఇవ్వండి. సంచి ఖాళీ అయ్యేకొద్దీ చిన్నదవుతుంది, పెట్టె మాత్రం అంతే చోటు పట్టుకుని కూర్చుంటుంది.

వంటసామానులో ఎక్కువ చోటు తినేది గిన్నెల లోపలి ఖాళీయే. మా ఐదు లీటర్ల కుక్కరు ఎప్పుడూ వట్టిగా బయలుదేరదు. దాని అడుగున కందిపప్పు పొట్లం, మీద పోపుల డబ్బా, పక్కల సందుల్లో గ్లాసులు, వాటి మధ్య చప్పుడు రాకుండా ఒక చేతిగుడ్డ ఉంటాయి. మూతను తిరగేసి పెట్టి తాడుతో కట్టేస్తాం.

ఇప్పుడు క్యారియర్ సంగతి. బరువు పైకి వెళ్లేకొద్దీ బండి మలుపుల్లో ఎక్కువగా ఒరుగుతుంది. కాబట్టి ఒకవేళ వేయించినా మడత కుర్చీలు, టార్పాలిన్ వంటి తేలికైనవి మాత్రమే అక్కడ పెట్టాలి. నీళ్లు లీటరుకు కిలో తూగుతాయి కనుక 20 లీటర్ల క్యాన్లు రెండంటే 40 కిలోలు. వాటిని నేల మీద, వెనక చక్రాలకు కొంచెం ముందుగా కట్టేయండి. మేడారానికి నిలువెత్తు బంగారం తీసుకుపోయేటప్పుడు కూడా బెల్లం బుట్టలకు అదే చోటు, వెనక తలుపు దగ్గర వద్దు. కొత్త అరలు చేయించేటప్పుడు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు బదులు 12 మిల్లీమీటర్లది వాడి, కింద సన్నని ఇనుప చట్రం ఇప్పించండి. చెక్క బరువులో మూడో వంతు తగ్గుతుంది. అంతా ఎక్కించాక, మనుషులతో సహా బండిని ఒకసారి వేబ్రిడ్జి మీద తూకం వేయించి, అనుమతించిన మొత్తం బరువుతో పోల్చి చూసుకోండి. సీట్లు తీయించారు కాబట్టి మరొక మాట కూడా చెప్పాలి. ఆర్‌సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. రవాణా శాఖ కార్యాలయంలో ఆ మార్పును నమోదు చేయించుకోకపోయి ఉంటే, మిగతా పనుల కంటే ముందు అది చూసుకోండి.

ప్రశ్న: స్థలం కలిసి వస్తుందని ఇంటి గ్యాస్ సిలిండర్‌ను మా వ్యానులో మంచం కింది పెట్టెలో పెట్టాం. ఇబ్బంది ఏమైనా ఉంటుందా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: దయచేసి ఈరోజే తీసేయండి. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది. ఏ కొంచెం కారినా పైకి పోకుండా నేలను పట్టుకుని, మీరు నిద్రపోయే మంచం కిందనే నిండుతుంది. పైగా ఇంటి సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే సుమారు 30 కిలోలు. ఐదు కిలోల చిన్న సిలిండర్ తీసుకుని, బండి లోపలికి సందు లేని విడి అరలో, నేలలోంచి బయటికి గాలి పోయే రంధ్రం ఉంచి, నిలువుగా పట్టీతో బిగించండి. వంట మాత్రం బండి ఆపి, దిగి, ఆరుబయటే చేసుకోండి. మళ్లీ బయలుదేరే ముందు రెగ్యులేటర్ ఊడదీసి, సిలిండర్‌కు మూత పెట్టాకే తాళం తిప్పండి.