కోర్టు ఉత్తర్వును అమలు చేయకపోతే జైలు శిక్ష పడుతుందా?

ప్రశ్న: మా నాన్నగారి పింఛను బకాయిలను మూడు నెలల్లోగా చెల్లించాలని హైకోర్టు ఆదేశించి ఏడు నెలలు గడిచినా, సంబంధిత కార్యాలయంలో కదలిక లేదు. కొన్ని దేశాల్లో ఇది నేరమట. మన దగ్గర కూడా అంతేనా?
- ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: రష్యా శిక్షాస్మృతిలోని 315వ అధికరణం, ఉక్రెయిన్ శిక్షాస్మృతిలోని 382వ అధికరణం తీర్పును అమలు చేయకపోవడాన్ని ప్రత్యేక నేరంగానే పేర్కొన్నాయి. ఇంగ్లండులో కోర్టు ధిక్కరణకు రెండేళ్ల వరకు జైలు విధించవచ్చు.

మన దేశంలో 1971 నాటి కోర్టు ధిక్కరణ చట్టం ప్రకారం, ఉత్తర్వును ఉద్దేశపూర్వకంగా ఉల్లంఘించడం సివిల్ ధిక్కరణ అవుతుంది. పేరుకు సివిల్ అయినా, 12వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు సాధారణ జైలు, రూ.2,000 వరకు జరిమానా ఉన్నాయి. ఆ జరిమానాకు ఈ రోజుల్లో ఎవరూ జంకరు. అధికారులు జంకేది స్వయంగా కోర్టు బోనెక్కడానికే. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఎనిమిది మంది ఐఏఎస్ అధికారులకు రెండు వారాల జైలు విధించి, వారు క్షమాపణ కోరాక, దాని బదులు సంక్షేమ హాస్టళ్లలో సేవ చేయాలని ఆదేశించింది.

అయితే జాప్యం ఒక్కటే చాలదు, అది కావాలని చేసిందని తేలాలి. కాబట్టి ఉత్తర్వు ధ్రువీకృత ప్రతిని స్పీడ్ పోస్టులో పంపి, అందినట్లు వచ్చే రసీదును భద్రపరచండి. గడువు సాధారణంగా ప్రతి అందిన నాటి నుంచే లెక్కకు వస్తుంది. ఆ గడువు ముగిశాక ఏడాదిలోపే ధిక్కరణ పిటిషన్ వేయాలని 20వ సెక్షన్ చెబుతోంది గనుక, కార్యాలయం వారి నోటిమాట నమ్మి ఆగకుండా న్యాయవాదిని వెంటనే సంప్రదించండి.