స్కీ బూట్ల కంపెనీ పెడతానంటున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన డ్రాయింగులు రెండుసార్లు చూశాను. బాగున్నాయి. కఫ్ (కాలిని పట్టే పైభాగం) వెనక్కి తెరుచుకునే ఏర్పాటు తెలివైనదే, చలికి బిగుసుకుపోయిన బూటులో కాలు దూరక తిట్టుకునే ప్రతివాడూ నీకు దండం పెడతాడు. కానీ ఈ ఆలోచన కొత్తది కాదు. వెనకనుంచి కాలు పెట్టే బూట్లు 1980లలో ఒక ఊపు ఊపాయి, సాలమన్ వాళ్ల ఎస్ఎక్స్ మోడళ్లు కొండ మీద ఎటు చూసినా కనిపించేవి. తర్వాతి దశాబ్దంలో దాదాపు మాయమైపోయాయి. వేసుకోవడం హాయే గానీ, మడమని, పాదం పైభాగాన్ని కదలకుండా పట్టి ఉంచడంలో నాలుగు బకిల్స్ బూటుకి సాటిరావని గట్టిగా స్కీ చేసేవాళ్లు వదిలేశారు. ఈమధ్య నార్డికా లాంటి కంపెనీలవాళ్లు ఆ పద్ధతిని మళ్లీ తెచ్చారు. అంటే ఆలోచనలో తప్పు లేదు, తిప్పలన్నీ దాన్ని బూటుగా మార్చడంలోనూ, ఆ బూటుని అమ్మడంలోనూ ఉన్నాయి.

"డిజైన్ కుదిరితే మిగతావి అవే కుదురుతాయి" అని రాశావు చూడు, అక్కడ ఆగాను. ఇన్నేళ్లుగా బూట్ ఫిట్టర్‌గా బూట్లు సరిచేస్తూ జనం పాదాలు పట్టుకుని కూర్చున్నవాడిగా చెప్తున్నా, నువ్వు పూర్తిచేసింది అన్నిటికన్నా తేలికైన పని.

ముందు అచ్చుల లెక్క చూడు. స్కీ కంపెనీ పెట్టాలంటే చెక్క, ఫైబర్‌గ్లాసు, ఒక ప్రెస్సు ఉంటే గరాజులో కూడా మొదలెట్టొచ్చు, అందుకే చిన్న చిన్న స్కీ కంపెనీలు బోలెడు పుట్టుకొస్తుంటాయి. బూటు అలా కాదు. షెల్ అంటే బూటు బయటి గట్టి తొడుగు, ప్లాస్టిక్‌ని కరిగించి లోహపు అచ్చులోకి ఒత్తిడితో ఎక్కించి తీసేది. సైజులు సెంటీమీటర్లలో ఉంటాయి కదా, 26కీ 26.5కీ షెల్ మామూలుగా ఒకటే, లోపలి సర్దుబాట్లే మారతాయి, అదొక్కటే నీకు కలిసొచ్చేది. అయినా 22 నుంచి 30 దాకా చూసుకుంటే తొమ్మిది షెల్స్. కుడి, ఎడమ వేరు. కింద పాదాన్ని పట్టే భాగం వేరు, పైన కాలిని పట్టే కఫ్ వేరు. తొమ్మిది ఇంటు రెండు ఇంటు రెండు, ముప్పై ఆరు. కొన్ని సైజులకి ఒకే కఫ్ సరిపెట్టి ఆ సంఖ్య కొంచెం తగ్గించొచ్చు. కానీ ఇది ఒక మోడల్‌కి, ఒక వెడల్పుకి మాత్రమే. పైగా షెల్ లోపల మడమ దగ్గర వెడల్పు, పైన గొంతు ఇరుకు, ఆ ఇరుకులోంచి లోపలి ఉక్కు దిమ్మని బయటికి లాగగలిగేలా అచ్చు చెయ్యాలి, మామూలు బకెట్ల అచ్చులు చేసేవాడి వల్ల అయ్యే పని కాదది. ఒక్క జత అమ్మకముందే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఇక్కడ నా సొంత గోల ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక చిన్న కంపెనీ మొదలవుతుంటే సలహాదారుగా చేరాను, కొంచెం డబ్బు కూడా పెట్టాను. నమూనా 26.5లో చేశారు, ఎందుకంటే అందరూ అదే సైజులో చేస్తారు. బ్రహ్మాండంగా వచ్చింది. వేసుకుని చూసినవాళ్లందరి పాదమూ ఇంచుమించు అదే సైజు కాబట్టి అందరూ చప్పట్లు కొట్టారు, వాళ్లలో నేనూ ఉన్నాను. తర్వాత ఆ కొలతల్నే కంప్యూటర్లో కుదించి చిన్న సైజులకి అచ్చులు చెక్కించేశారు. చిన్న పాదం అంటే పెద్ద పాదాన్ని కుదించింది కాదు కదా! 23.5లో పాదం పైభాగం నొక్కేస్తోంది, చీలమండ లోపలి ఎముక షెల్‌కి కొట్టుకుంటోంది, ఆడవాళ్లకి పిక్క సాధారణంగా కిందకే మొదలవుతుంది కాబట్టి కఫ్ పైఅంచు అక్కడ కోసుకుపోతోంది. సరిచేద్దామంటే అచ్చు సంగతి ఇలా ఉంటుంది: లోపలి దిమ్మని చెక్కి చిన్నది చెయ్యడం తేలికే, అప్పుడు షెల్ లోపల ఇంకా ఇరుకవుతుంది. లోపల చోటు పెంచాలంటే దిమ్మకి ఉక్కు అతకాలి, లేదా కొత్త దిమ్మ చెయ్యాలి. కొత్తవి చేయించే డబ్బు మిగల్లేదు. ఆ చలికాలం చిన్న సైజులు లేకుండానే అమ్మారు, ఆ తర్వాతి చలికాలం కంపెనీయే లేదు.

ప్లాస్టిక్ గురించి నువ్వు అసలేమీ రాయలేదు. పాలీయురేథేన్ వాడితే బరువు, కానీ కొండ దిగేటప్పుడు కుదుపుల్ని మెత్తగా మింగుతుంది. గ్రిలామిడ్ అనే నైలాన్ రకం తేలిక, కొండ ఎక్కేవాళ్లకి బాగుంటుంది, కానీ ఆ మెత్తదనం రాదు. చలి పెరిగేకొద్దీ షెల్ గట్టిపడుతుంది, అందుకే షాపులో వెచ్చగా ఉన్నప్పుడు వంచి చూసి "భలే ఉంది" అన్నవాడే సున్నాకి పదిహేను డిగ్రీలు కింద ఉన్న రోజు మోకాలు ముందుకి వంచలేక నానా తంటాలు పడతాడు. నీ నమూనాని కనీసం ఒక చలికాలమంతా రకరకాల చలిలో వాడించకుండా ప్లాస్టిక్ ఖాయం చెయ్యకు. అన్నట్టు, డ్రాయింగు మీద ఫ్లెక్స్ (బూటు ముందుకి వంగడానికి ఎంత గట్టిగా ఉంటుందో చెప్పే అంకె) 120 అని రాశావు. దేన్నిబట్టి? ఆ అంకెకి అందరూ ఒప్పుకున్న కొలమానం లేదు, ఒకరి 120 ఇంకొకరి 100లా ఉంటుంది.

అడుగు భాగం మాత్రం నీ ఇష్టం కాదు. మామూలు బూటుకి ఐఎస్ఓ 5355 అనే అంతర్జాతీయ ప్రమాణం, నడవడానికి వీలైన అడుగున్న గ్రిప్‌వాక్ రకానికి ఐఎస్ఓ 23223, కొలతలన్నీ రాసిపెట్టి ఉంటాయి. పడ్డప్పుడు బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ సమయానికి వదలాలంటే అడుగు మందం, ఆకారం, జారుడు అన్నీ ఆ హద్దుల్లో ఉండాలి. అక్కడ కాస్త తేడా వచ్చినా దెబ్బ తగిలేది ఎవడి మోకాలికో. పరీక్షలకీ ఇన్సూరెన్సుకీ డబ్బు ముందే పక్కన పెట్టుకో.

ఇక అమ్మకం. స్కీలు బొమ్మ చూసి కొంటారు, బూటు కాలు పెట్టి చూసి కొంటారు. కరిచేది ఎక్కడో తొడుక్కున్నవాడికే తెలుసు, దాన్ని సరిచెయ్యడం మాత్రం నాలాంటివాడి చేతిలో ఉంటుంది. షెల్‌ని వేడిచేసి సాగదీస్తాం, లోపల అరగదీస్తాం, పాదం కింద అచ్చంగా సరిపోయే అట్ట చేస్తాం. నిజం చెప్పనా, కొత్త బ్రాండు బూటు నా బల్ల మీదికొస్తే నాకు భయం. ఆ ప్లాస్టిక్ ఎంత వేడికి సాగుతుందో, ఎక్కడ పలచగా ఉందో తెలీదు, చిల్లు పడితే కొనిచ్చేది నేనే. అందుకే కొనేవాడికి నాకు అలవాటైనదే చూపిస్తాను. నేనొక్కణ్ణే కాదు, ఫిట్టర్లందరిదీ ఇదే దారి. ఫిట్టర్‌ని ఒప్పించనిదే నీ బూటు గోడౌన్ దాటదు.

డబ్బు తిరిగే తీరు ఇంకో టెన్షన్. షాపులవాళ్లు వచ్చే చలికాలం సరుకుకి ఈ చలికాలం చివర్లోనే ఆర్డర్లు ఇచ్చేస్తారు. నువ్వు వేసవిలో తయారుచేసి ఆకులు రాలే వేళకి పంపాలి, అమ్ముడయ్యాక వాళ్లు చెల్లిస్తారు. ప్లాస్టిక్‌కీ జీతాలకీ మాత్రం నువ్వు ముందే కట్టాలి. మంచు ఆలస్యంగా పడిందా, నీ డబ్బు వాళ్ల అరల్లో ఇరుక్కుపోయినట్టే. బూటు బాగుంటే కొన్నవాడు ఏళ్ల తరబడి మళ్లీ నీ ముఖం చూడడు, ఇదొక విచిత్రమైన శిక్ష.

ఇటలీలో మాంటెబెల్లూనా అనే ఊరుంది, నువ్వు ముందు అక్కడికి వెళ్లిరా. ఆ ఊళ్లో, చుట్టుపక్కలా తరతరాలుగా బూట్ల పనే. నార్డికా, టెక్నికా, దాల్‌బెల్లో అన్నీ ఆ ప్రాంతంలో పెరిగినవే. అచ్చులు చేసేవాడు, లైనర్ (లోపలి మెత్తటి తొడుగు) కుట్టేవాడు, బకిల్ పోసేవాడు కూతవేటు దూరంలో దొరుకుతారు. అలాంటి చోట పోటీదారుడు సందేహమొస్తే పక్క వీధికి నడిచి వెళ్తాడు, నువ్వు మెయిల్ రాసి వారం ఎదురుచూస్తావు.

మరి దారే లేదా అంటే, ఉంది. ఫుల్ టిల్ట్ అనే బూట్ల బ్రాండు వాళ్లు 2006లో మొదలైనప్పుడు రైక్లే కంపెనీ పాత ఫ్లెక్సాన్ బూట్ల అచ్చులతో మొదలెట్టారు, వాళ్ల వెనక కె2 అంత పెద్ద స్కీ సంస్థ ఉండి కూడా. జిప్‌ఫిట్, ఇంట్యూషన్ కంపెనీలు పేరు తెచ్చుకున్నది లైనర్లతో. నీ డిజైన్లో నాకు నచ్చింది కఫ్ కాదు, మడమ చుట్టూ లైనర్‌ని బిగించే ఆ చిన్న పట్టీ. దాన్ని ఇప్పటికే ఉన్న ఏ షెల్‌లోనైనా పెట్టి అమ్మొచ్చు, ముప్పై ఆరు అచ్చులు అక్కర్లేదు, ఫిట్టర్లకి భయమూ ఉండదు. షెల్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

కాదు, షెల్లే చేస్తానంటావా, ఆపను. అచ్చులవాడికి అడ్వాన్సు ఇచ్చేముందు మాత్రం 26.5తో పాటు 23.5, 29.5 నమూనాలు కూడా చేయించు. 23.5ది ముందు నాకు పంపు. ఆ సైజు పాదాలవాళ్లు నలుగురు నా దగ్గరికి ప్రతి వారం వస్తారు, నలుగురికీ నోటి మీద అదుపు లేదు.